బీబీనగర్ వైపు పల్లెలో సొంతిల్లా, ఉప్పల్‌లోనే కిరాయా?

ఉప్పల్ కిరాయిదారు:
అందరికీ నమస్కారం. ఉప్పల్‌లో రెండు బెడ్‌రూంల ఇంట్లో ఉంటున్నాం, కిరాయి 15 వేలు. నా ఆఫీసు హబ్సిగూడలో. మా ఆవిడ పోచారంలో ప్రైవేట్ స్కూల్ టీచర్. ఘట్‌కేసర్ దాటాక, బీబీనగర్ ఇంకా రాకముందు, హైవే నుంచి కొంచెం లోపలికి ఒక పల్లెలో కొత్తగా కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు చూశాం. 120 గజాలు, 52 లక్షలు అంటున్నాడు బిల్డర్. మా చేతిలో 12 లక్షలున్నాయి, మిగతాది లోన్. మా నాన్న "నేల మీద ఇల్లురా, ఆలోచించకు" అంటాడు. మా బావమరిదేమో "అక్కడికెళ్తే ఇరుక్కుపోతావు బావా" అంటాడు. ఆ వైపు ఉన్నవాళ్లు చెప్పండి.

సొంతిల్లు సుబ్బారావు:
మీ నాన్నగారి మాటే కరెక్ట్. కళ్లు మూసుకుని కొనండి. ఒకప్పుడు బోడుప్పల్‌లో కొంటానంటే కూడా ఊరవతలికి ఎందుకన్నారు జనం. ఇప్పుడక్కడ గజం ధర ఎంతో మీకే తెలుసు. మీరు చెప్పే వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది, రేపు యాదాద్రి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వస్తుంది. ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు:
కళ్లు తెరుచుకునే కొనండి సార్. 40 లక్షల లోన్, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ వేసుకుంటే నెలకు దాదాపు 34,700 వస్తుంది. ఇప్పటి కిరాయికి రెట్టింపు కంటే ఎక్కువ. పైగా 12 లక్షలు మార్జిన్‌కే సరిపోయాయి కదా, మరి రిజిస్ట్రేషన్‌కు? మొత్తం 7.5 శాతం. పూర్తి ధరకు రాయించుకుంటే 3 లక్షల 90 వేలు. అక్కడే బిల్డర్ "డాక్యుమెంట్ 30 లక్షలకే రాయిద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి" అంటాడు. అలా రాయిస్తే బ్యాంకు ఇచ్చే లోన్ కూడా తగ్గిపోతుంది. ఆ క్యాష్ ఎక్కడినుంచి తెస్తారు?

ఇక సుబ్బారావు గారి ఎంఎంటీఎస్. యాదాద్రి లైను మాట 2016 నుంచి వింటున్నాం. ఆ పేరు చెప్పి ఎన్ని బ్రోచర్లు అచ్చేశారో! ఘట్‌కేసర్ దాకా రైలు రావడానికే 2024 మార్చి పట్టింది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆ పిల్లర్ల మధ్య గుంతల్లో ఎన్నేళ్లు తిరిగామో ఆ దారిన పోయేవాళ్లను అడగండి. మీరు రోజూ హబ్సిగూడకు వెళ్లాల్సింది ఆ దారినే. వచ్చినదాన్ని చూసి కొనండి, వస్తుందన్నదాన్ని చూసి కాదు.

సొంతిల్లు సుబ్బారావు:
అన్నీ వచ్చాక కొందామంటే 52 లక్షలకు వస్తుందా మాస్టారూ?

లెక్కల మాస్టారు:
రాదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగింది ఉండటానికి ఇల్లు. మీరు చెప్తున్నది అమ్ముకోవడానికి ఇల్లు. రెండూ కలిపేయకండి.

బీబీనగర్ కోడలు:
పెళ్లై ఈ వైపు వచ్చినదాన్ని, కాబట్టి ఉండేవాళ్ల మాట చెప్తాను. హైవే మీద భువనగిరి, వరంగల్ బస్సులు బాగానే ఉంటాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మీ ఆవిడకు పోచారం వెళ్లిరావడం పెద్ద ఖర్చు కాదు. కష్టమంతా హైవే నుంచి ఇంటిదాకా. రాత్రి ఎనిమిది దాటితే ఆటో దొరకదు. వీధి దీపం వెలిగిందా లేదా అన్నది ఆరోజు అదృష్టం. ఇంట్లో రెండో బండి తప్పదు, ఆ ఖర్చు మాస్టారి లెక్కలో కలపండి.

నీళ్లు. మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి, కానీ టైముంటుంది, సంపు పెద్దదిగా ఉండాలి. బోరు నీళ్లు ఒక్కో వీధిలో ఒక్కోలా ఉంటాయి. మూసీకి దగ్గరగా ఉన్న ఊళ్లయితే మరీ జాగ్రత్త, అక్కడ బోరు నీళ్లతో చాయ్ పెట్టుకుని తాగి చూడండి. డ్రైనేజీ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. 120 గజాల్లో బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య ఎంత దూరం వదిలారో టేపు పెట్టి కొలవండి. బిల్డర్లు టైల్స్ చూపిస్తారు గానీ ఇది చూపించరు.

ఇంకొకటి, ఇల్లు పగలే చూసి వచ్చేయకండి. మా మండలంలో కెమికల్, ఫార్మా కంపెనీలున్నాయి. కొన్ని రాత్రులు గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు తీయలేం. చీకటి పడ్డాక వెళ్లి ఓ గంట అక్కడ కూర్చోండి.

ఇంత చెప్పి కూడా, మళ్లీ ఉప్పల్‌కు రమ్మంటే రాను. పిల్లలు వాకిట్లో ఆడుకుంటారు, పక్కింటావిడ కరివేపాకు అడక్కుండానే ఇస్తుంది. ఇది నా ఇష్టం, అందరికీ నచ్చాలని లేదు.

ఊరోడు:
అందరూ మా ఊళ్లు చవకా, ఖరీదా అనే మాట్లాడుతున్నారు. మాది కూడా ఆ వైపే. మా పొలాలకు పోయే బండ్లబాట మీద వెంచరోళ్లు గోడ కట్టి గేటు పెట్టారు. గేటెడ్ కమ్యూనిటీ అట! కాలనీ మురుగు మా చెరువు కాలువలోకి వదిలారు. బోనాలకు డప్పు కొడితే నిద్ర చెడిందని ఫిర్యాదు చేస్తారు. ఓటు మాత్రం సిటీలోనే ఉంచుకుంటారు. ఊరి ఓటరు కాని మనిషికి గ్రామసభలో ఏం మాటుంటుంది? ఆ తర్వాత "మా గల్లీకి రోడ్డు లేదు" అని వాట్సాప్‌లో తిట్టడం.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మాకు సర్పంచే లేడు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యాయి. పాడైన మోటారు బాగు చేయించడానికి కూడా ఎవరెవరి చుట్టూ తిరిగామో మాకే తెలుసు. రేపు మా ఊరినీ మున్సిపాలిటీలో కలపరని గ్యారంటీ లేదు. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ చుట్టూ 51 పంచాయతీలను అలాగే కలిపారు. కలిపాక ఇంటి పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. కొంటే కొనండి అన్నా, కానీ రేషన్ కార్డు, ఓటు కూడా ఇక్కడికే తెచ్చుకోండి. మీతో మాకు గొడవేం లేదు.

సొంతిల్లు సుబ్బారావు:
భూములు అమ్మింది మీవాళ్లే కదా తమ్ముడూ.

ఊరోడు:
పొలం అమ్మాం, బాట అమ్మలేదు.

డాక్యుమెంట్ రైటర్:
రోడ్డు, నీళ్లు, ధర సంగతి తర్వాత. ముందు ఆ ప్లాటు ఎవరి అనుమతితో పుట్టిందో తేల్చుకోండి. బీబీనగర్ మండలం హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంది. పంచాయతీ తనంతట తాను లేఅవుట్ ఇవ్వడానికి లేదు, 2018 పంచాయతీరాజ్ చట్టం ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. అయినా "గ్రామ పంచాయతీ అప్రూవ్డ్" అని పాత కాగితం చూపించి అమ్మేవాళ్లు ఉన్నారు. అనుమతి లేని లేఅవుట్ అయితే 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టరైన ప్లాటా, కాదా అన్నదే కీలకం. అలాంటి ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకానికి ఆ ఏడాది కటాఫ్ తేదీ అదే.

ఎల్‌ఆర్‌ఎస్ అంటే మామూలు ఫీజు ఒక్కటే కాదు. లేఅవుట్‌లో పార్కుకు స్థలం వదలకపోతే ప్లాటు విలువ మీద 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కూడా పడుతుంది. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు చాలామంది కట్టేశారు, కట్టనివాళ్లూ ఉన్నారు. ఆ కట్టనివాళ్ల ప్లాట్ల మీదే ఇళ్లు లేపి మీలాంటివాళ్లకు చూపిస్తారు.

పాత ఊళ్లో, అంటే గ్రామకంఠంలో ఉన్న ఇల్లయితే సంగతి వేరు. దానికి సర్వే నంబరు మీద లింకు డాక్యుమెంట్లు, అంటే పాత చేతుల మారిన కాగితాలు సరిగా దొరకవు. ఇంటి నంబరు, పన్ను రసీదులు, పంచాయతీ ఓనర్‌షిప్ సర్టిఫికెట్ మీదే నడుస్తుంది. తరతరాలుగా ఉన్న ఇల్లే కావచ్చు, కానీ బ్యాంకు లోన్‌కు ఇబ్బంది పెడుతుంది.

మీరు చూసిన దానికి 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీయించండి. వ్యవసాయ భూమిని నాలా కన్వర్షన్ చేశారో, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పించారో లేదో చూడండి. ఇంటి పర్మిషన్ ఎన్ని అంతస్తులకు వచ్చింది, ఎన్ని కట్టారు? బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకోకండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం.

ఉప్పల్ కిరాయిదారు:
అందరికీ థ్యాంక్స్. డాక్యుమెంట్ రైటర్ గారు, నిన్న మీరు చెప్పినవన్నీ బిల్డర్‌ను అడిగాను. "ఎల్‌ఆర్‌ఎస్ ఎప్పుడో అయిపోయింది, ఏం టెన్షన్ వద్దు" అని ఒక రసీదు వాట్సాప్‌లో పంపాడు. 2020 అక్టోబర్ తేదీ ఉంది, 1000 రూపాయలు కట్టినట్టు. ఇది చాలా? ఈ వారంలో టోకెన్ రెండు లక్షలు ఇవ్వమంటున్నాడు.

డాక్యుమెంట్ రైటర్:
చాలదు. ఆ వెయ్యి రూపాయలు దరఖాస్తు ఫీజు. అప్లై చేశారనడానికి అది రుజువు, అయిపోయిందనడానికి కాదు. ఎల్‌ఆర్‌ఎస్ మంజూరు చేసిన ప్రొసీడింగ్స్ కాపీ, పూర్తి ఫీజు కట్టిన చలాన్ అడగండి. ఎల్‌ఆర్‌ఎస్ తేలకుండా ఇంటికి పర్మిషన్ ఎలా వచ్చిందో కూడా అడగండి. అవి చేతికొచ్చేదాకా టోకెన్ పేరుతో ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఆ సర్వే నంబరు పక్కన చెరువుంటే హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు కూడా చూడండి. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ హద్దు సంగతి అందరికీ తెలిసిందే.

బీబీనగర్ కోడలు:
శనివారం చూడటానికి వస్తే రాత్రి దాకా ఉండేలా రండి. మీ ఆవిడను కూడా తీసుకురండి, హైవే నుంచి నడిచే వెళ్లండి.