గాలపు కర్రలు పడవలో నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

ఎర్రబెండు:
"పడవలో గాలపు కర్రలకు నిలువు హోల్డర్లే క్షేమం, పెట్టెలో పడుకోబెట్టినవే ఎక్కువగా విరుగుతాయి" అని ఒక సభ్యుడు వేరే చర్చలో తేల్చి చెప్పారు. కొత్తగా పడవ కొన్నవాళ్లు ఆ మాట నమ్మి అంచు పొడవునా రంధ్రాలు కొట్టించుకుంటారేమో అన్న బెంగతో ఇది మొదలుపెడుతున్నాను. నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. చేతిలో లేని ప్రతి కర్రా మూత ఉన్న పెట్టెలో పడుకుని ఉండాలి.

ఏడడుగుల కర్రను హోల్డర్‌లో నిలబెడితే దానిలో అతి బలహీనమైన భాగం అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది. తేలికపాటి కర్రలకు కొస దగ్గర మందం సుమారు రెండు మిల్లీమీటర్లే. ఒడ్డు పక్కగా వెళ్తే చెట్ల కొమ్మలు, వంతెన కింది దూలాలు, తోటివారు గాలం విసిరేటప్పుడు వెనక్కి ఊగే వారి కర్ర, చేపను పైకెత్తే వల పిడి... ఇవన్నీ తగిలేది ఆ కొసకే. పడవను ట్రైలర్ మీద రోడ్డున లాక్కెళ్లేటప్పుడు ఇంకా ఘోరం. గాలి దెబ్బకు కర్ర దారి పొడవునా వణుకుతూనే ఉంటుంది. గతుకు వచ్చిన ప్రతిసారీ దారం చుట్టే రీలు బరువంతా పిడి మీద పడుతుంది.

పిడుగుల సంగతి కూడా మరిచిపోకండి. చాలా కర్రల తయారీలో వాడే కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. చుట్టూ నీరు తప్ప మరేమీ లేని చోట, ఉరుములు వినిపిస్తుంటే, పడవకు ఎత్తయిన భాగం కార్బన్ కర్ర కాకూడదు.

ఉప్పుగాలి:
ఎర్రబెండు గారూ, చెరువులకూ జలాశయాలకూ మీ మాట సరిపోతుందేమో. సముద్రం మీద తిరిగేవాళ్లకు సరిపోదు.

మూసి ఉన్న పెట్టె అంటే సముద్రపు పడవలో ఎప్పటికీ ఆరని చోటు. అలల తుంపర లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాదు. గాలపు దారం సాగే గైడ్ రింగుల పాదాలను దారంతో కర్రకు చుట్టి, పైన ఎపాక్సీ పూత వేస్తారు కదా. ఆ పూత ఎక్కడైనా వెంట్రుకవాసి పగిలినా ఉప్పునీరు దారపు చుట్లలోకి దిగుతుంది. ఆరుబయట అది గాలికి ఆరిపోతుంది. పెట్టెలో నిలిచిపోయి స్టీలు పాదాన్ని అడుగు నుంచి తినేస్తుంది. తుప్పు మరక పైకి కనిపించేసరికి ఆ రింగు మార్చక తప్పని స్థితిలో ఉంటుంది.

నిలబెట్టిన కర్ర మీది నీరు కిందికి జారిపోతుంది. ఏ కర్ర ఎలా ఉందో కళ్లెదుటే కనిపిస్తుంది. చేపల గుంపు పైకి తేలినప్పుడు వెంటనే చేతికి అందుతుంది. పెట్టెలోంచి ఆ తొందరలో ఒక కర్ర లాగితే దాని రింగుల్లో చిక్కుకుని ఇంకో రెండు వస్తాయి. మూత సరిగ్గా పడకముందే పడవ ఒరిగితే కొస మూత కింద నలుగుతుంది.

హోల్డర్లలో కూడా రకాలున్నాయి. అంచులో బిగించేవి మామూలుగా 15 లేదా 30 డిగ్రీల వాలుతో వస్తాయి. పడవను నడుపుతూ ఎర ఈడ్చేటప్పుడు ఆ వాలు అవసరం. ప్రయాణంలో కర్రలు ఉంచడానికి నడిపేవారి తల మీద కప్పుకు బిగించే గొట్టాల వరుస వేరు. మంచి హోల్డర్ అడుగున అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది, బరువైన కర్రల పిడి చివర దానికి సరిపడే గాడి ఉంటుంది. ఆ రెండూ కూడితే కర్ర తిరగదు, రీలు వెళ్లి పక్క కర్రను కొట్టదు. పిన్ను లేని హోల్డర్ చూసి హోల్డర్లన్నిటినీ తప్పుపట్టడం న్యాయం కాదు.

రాడ్‌మేస్త్రీ:
నేను విరిగిన కర్రలు బాగుచేస్తుంటాను. తెచ్చేవారిలో చాలామంది "చిన్న చేపకే విరిగింది, తయారీలోనే లోపం" అంటారు. విరిగిన చోటును పరీక్షగా చూస్తే తరచుగా కనిపించేది పాత దెబ్బ.

కార్బన్ కర్ర అంటే పలుచని గోడ ఉన్న బోలు గొట్టం. నారలు ఎక్కువగా పొడవునా సాగుతాయి, వాటిని జిగురులాంటి రెజిన్ పట్టి ఉంచుతుంది. వంగినప్పుడు ఒక వైపు సాగుతుంది, ఎదుటి వైపు నొక్కుకుపోతుంది, గుండ్రని గొట్టం కాస్త చదునవుతుంది. గోడ అంతటా సమంగా ఉన్నంతవరకు ఆ ఒత్తిడిని భరిస్తుంది. గాలం మునగడానికి దారానికి కట్టే సీసపు గుండు ఒక్కసారి గట్టిగా తగిలితే పొరల మధ్య పట్టు వదులుతుంది. పైన రంగు చెదరకపోవచ్చు. ఆ తర్వాత ఎప్పుడో చేప లాగిన రోజున గోడ సరిగ్గా అక్కడే కూలుతుంది. ఫైబర్‌గ్లాస్ కర్ర బరువెక్కువ, స్పందన తక్కువ, కానీ ఇలాంటి దెబ్బలను చాలా వరకు ఓర్చుకుంటుంది. కార్బన్‌లో తేలికా బిగువూ పెరిగేకొద్దీ గోడ పలుచబడుతుంది, ఓర్పు తగ్గుతుంది.

అందుకే నేను అడిగేది ఒకటే: కర్రకు గట్టి వస్తువు ఏదైనా తగులుతోందా? ఒక్కో కర్రకు ఒక్కో గొట్టం ఉన్న పెట్టె అయితే ఎర్రబెండు గారితో ఏకీభవిస్తాను, అంతకన్నా క్షేమమైన చోటు లేదు. గొట్టాలు లేని పెట్టెలో కర్రలూ, లంగరూ, గుండ్ల సంచీ కలిపి పడేస్తే మాత్రం ఉప్పుగాలి గారి హోల్డరే వెయ్యి రెట్లు మేలు. నా దగ్గరికి వచ్చే కర్రల్లో ఎక్కువ అలాంటి పెట్టెల నుంచి వచ్చినవే.

గాలపు ముల్లును గైడ్ రింగులోకి తగిలించే అలవాటు దయచేసి మానండి. రింగు లోపలి పింగాణీ వలయానికి గీత పడితే ఆ గీత దారాన్ని కోస్తుంది. ముల్లు తగిలించడానికి పిడి పైన చిన్న కొక్కెం ఉంటుంది, లేకపోతే రీలు కాడకు తగిలించండి. అనుమానం ఉన్న రింగులో దూది తిప్పి చూడండి, పోగు చిక్కుకుంటే వలయం పగిలినట్టే. ముల్లు తగిలించాక దారాన్ని బిర్రుగా చుట్టి కొసను వంచి ఉంచకండి. అలా వంగి ఉన్న కొసకు చిన్న దెబ్బ చాలు.

కొత్తగాలం:
మేస్త్రీ గారూ, గుడ్డ తొడుగులు వేసి పెట్టెలో పెడితే సరిపోదా? ఒక్కో కర్రకు గొట్టం బిగించేంత చోటు నా పడవలో లేదు.

రాడ్‌మేస్త్రీ:
అల్లిక వలలా ఉండే పాలిస్టర్ తొడుగు వేయండి. రింగులు చిక్కుకోవు, గాలి ఆడుతుంది. నియోప్రీన్‌లాంటి మందపాటి తొడుగు దెబ్బను ఇంకా బాగా ఆపుతుంది కానీ నీటిని పట్టి ఉంచుతుంది. తడి కర్రను దానిలో చాలాకాలం వదిలేస్తే పూత పొక్కులు లేస్తుంది, కార్క్ పిడికి బూజు పడుతుంది. కర్రలను ఒకటి కొస అటు, ఒకటి కొస ఇటు పెడితే రీళ్లు ఒకదానికొకటి తగలవు, చోటూ కలిసివస్తుంది.

చిన్నపడవ:
మీరంతా పెట్టెలు, కప్పు మీద గొట్టాలు ఉన్న పడవల గురించే మాట్లాడుతున్నారు. తెడ్డు వేసుకునే పడవలో అవేవీ ఉండవు. అక్కడ కర్రను విరగ్గొట్టేది ముఖ్యంగా మన కాలే. అడుగున పడుకోబెడితే తొక్కుతాం, నిలబెడితే తెడ్డు తగులుతుంది.

పడవ లోపలి పక్క గోడకు, కూర్చునే బల్లకన్నా కాస్త పైగా, రెండు చోట్ల మెత్తటి ఆధారాలు బిగించి సాగే తాడుతో కట్టడం నేను చూసినవాటిలో మంచి పద్ధతి. ఒక్క చోటే కడితే మిగతా భాగం ఊగుతుంది. కొస ముందు వైపుకు, ముక్కు లోపలే ఆగేలా పెట్టాలి. అంచు దాటి బయటికి వచ్చిందా, రేవు గోడకు తగిలేది మొదట అదే. రెండు ముక్కల కర్రయితే ప్రయాణంలో విడదీయండి. మళ్లీ అమర్చే శ్రమ నిమిషం కన్నా ఎక్కువ ఉండదు.

ఎర్రబెండు:
గొట్టాలు లేని పెట్టె గురించి మేస్త్రీ గారు చెప్పింది నిజమే, నేను పెట్టె అన్నది గొట్టాలున్నదాన్నే. గొట్టం మూతి గరాటులా విచ్చుకుని ఉండాలని కూడా కలుపుతాను, లేకపోతే కర్రను లోపలికి తోసేటప్పుడు రింగులు అంచుకు పట్టుకుంటాయి. ఉప్పుగాలి గారి తడి సమస్యకు పెట్టె అడుగున నీరు పోయే రంధ్రం, పక్కన గాలి ఆడే జాలీ ఉంటే చాలదా? రోడ్డు మీద నిలబెట్టి తీసుకెళ్లడాన్ని మాత్రం ఎవరూ సమర్థించలేదని గమనించాను.

ఉప్పుగాలి:
రోడ్డు మీద నేనూ నిలబెట్టను. నేను మాట్లాడుతున్నది నీటి మీద. పెద్ద అలల్లో వేగంగా వెళ్తే పడవ ముందు భాగమే అన్నిటికన్నా గట్టిగా ఎగిరిపడుతుంది, గొట్టాల పెట్టె ఉండేది తరచుగా అక్కడే. రీలుతో సహా కర్ర ఆ గొట్టంలో ప్రతి అలకూ పైకి లేచి పడుతుంది. లోపల నురుగు రబ్బరు పరిచి, పిడిని పట్టీతో బిగిస్తే తప్ప మీ పెట్టెలో కూడా మేస్త్రీ గారు చెప్పిన దెబ్బలే తగులుతాయి. రంధ్రం, జాలీ నీటిని బయటికి పంపుతాయి, ఉప్పును పంపవు. తిరిగొచ్చాక మంచినీటితో కడగాలి, అది కూడా మెల్లటి ధారతో. నీళ్ల పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పు రీలు బేరింగుల్లోకి పోతుంది. పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి.

కొత్తగాలం:
అయితే ఇంటికి వచ్చాక కర్రలు పడవలోనే ఉంచవచ్చా, తీసేయాలా?

రాడ్‌మేస్త్రీ:
తీసేయండి. ఎండలో మూసి ఉన్న పెట్టె బాగా వేడెక్కుతుంది, ఆ వేడిలో వంగి ఉన్న కర్ర ఆ వంపును అలాగే నిలుపుకోవచ్చు. ఆరుబయట హోల్డర్‌లో వదిలేస్తే ఎండ నైలాన్ దారాన్ని బలహీనపరుస్తుంది. నీడలో, గోడకు వాల్చకుండా, రెండు మూడు చోట్ల ఆధారం ఉండేలా పెట్టండి. రీలు డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుతో వదలాలో చూసే బిగింపు, వదులు చేయండి, లేకపోతే లోపలి వాషర్లు నొక్కుకుపోయి మళ్లీ వాడేటప్పుడు దారం కుదుపులతో వదులుతుంది.