అప్‌డేట్: లైవ్ మైగ్రేషన్ ఎట్టకేలకు అయింది
మొన్న అడిగా కదా, 64 జీబీ ర్యామ్ ఉన్న డేటాబేస్ వీఎమ్‌ని (వర్చువల్ మెషీన్) ఒక కేవీఎమ్ (లినక్స్‌లో వీఎమ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ నుంచి ఇంకోదానికి లైవ్‌గా, అంటే ఆపకుండానే, మారుస్తుంటే ఎంతకీ పూర్తవట్లేదని. కారణం దొరికింది. ట్రాఫిక్ అంతా 1 గిగాబిట్ మేనేజ్‌మెంట్ లైన్ మీద పోతోంది, సెకనుకి మహా అయితే 110 ఎంబీ చిల్లర, మెమరీ మొత్తం ఒక్క రౌండు పంపడానికే దాదాపు పది నిమిషాలు, ఈలోపు డేటాబేస్ అంతకంటే స్పీడుగా మెమరీ పేజీలు మార్చేస్తోంది, అవన్నీ మళ్లీ పంపాలి, చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. మైగ్రేషన్ ఎలాగైనా ముగిసేలా చేసే ఆటో కన్వర్జ్ ఆప్షన్ పెట్టి చూశా, అది వీఎమ్ సీపీయూనే తొక్కిపట్టి నెమ్మది చేస్తుంది, క్వెరీలు నత్తనడక, యూజర్ల ఫోన్లు మొదలు, ఆపేశా.

నిన్న రాత్రి మైగ్రేట్ యూఆర్ఐలో (మైగ్రేషన్ డేటా ఏ అడ్రస్‌కి పోవాలో చెప్పే సెట్టింగ్) 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు ఐపీ ఇచ్చా. రెండు నిమిషాల్లోపే అయిపోయింది! వీఎమ్ పలుకుతోందో లేదో చూడ్డానికి పక్కన పింగ్ పెట్టుకుని కూర్చున్నా, ఒకే ఒక్క ప్యాకెట్ మిస్సయింది. రెండు సర్వర్ల సీపీయూ మోడల్ తేడా వల్లేమో అనుకుని రెండ్రోజులు తగలేశా, ఖర్మ.