సంక్రాంతి రోజుల్లో లవ్‌జాయ్ తోకచుక్కను పల్లె నుంచి ఎలా చూడాలి?

ప్రశ్న (8 జనవరి 2015)

నమస్కారం. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఈ నెల 13న పండుగకు కోనసీమలోని మా ఊరికి వెళ్ళి 18వ తేదీ వరకు అక్కడే ఉంటాను. చుట్టూ కొబ్బరితోటలు, ఇంటి మీద డాబా, వీధి చివర ఒకే ఒక దీపం. ప్రస్తుతం ఆకాశంలో ఉన్న లవ్‌జాయ్ తోకచుక్క కంటికి కూడా కనిపిస్తుందని చదివాను. నా దగ్గర 8×40 బైనాక్యులర్స్ ఉన్నాయి, టెలిస్కోపు లేదు.

అడగడానికి ఒక కారణం ఉంది. 2013లో ఐసాన్ అనే తోకచుక్క శతాబ్దానికి ఒక్కసారి వచ్చేదని పత్రికలు రాస్తే నమ్మి, చలిలో పిల్లలను నిద్ర లేపి మేడ మీదికి తీసుకువెళ్ళి, ఏమీ చూపించలేక మాట పడ్డాను. రెండవసారి అలా కాకూడదు. పైగా ఈసారి పక్కన మా నాన్నగారు కూడా ఉంటారు. ఆయన తొమ్మిది పదేళ్ళ వయసులో, కార్తీక మాసంలో మా నాయనమ్మతో కలిసి తెల్లవారకముందే గోదావరి స్నానానికి వెళుతూ, తూర్పున నిలబెట్టిన చీపురులాంటి తోకచుక్కను చూశారట. ఇప్పుడు కూడా అలాంటిదే కనిపిస్తుందని ఆయన ఆశ. ఏ రోజు, ఏ సమయానికి, ఎటువైపు చూడాలో, నిజంగా ఎంత కనిపిస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం (8 జనవరి, హైదరాబాదు నుంచి)

ముందుగా ఐసాన్‌ను మనసులోంచి తీసివేయండి. అది సూర్యుడికి మరీ చేరువగా వెళ్ళి 2013 నవంబరు 28న చెదిరిపోయింది. దాని గురించి రాసినదంతా జరగబోయే దాని మీద పెట్టుకున్న ఆశ మాత్రమే. లవ్‌జాయ్ విషయంలో జరగవలసినది చాలావరకు జరిగింది. అది ఇప్పటికే వెలుగుతున్నది, నిన్ననే సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో భూమికి అతి సమీపంగా వచ్చింది, జనవరి 30న సూర్యుడికి దగ్గరైనప్పుడు కూడా భూకక్ష్యకు వెలుపలే ఉంటుంది కనుక ఐసాన్‌కు పట్టిన గతి దీనికి పట్టే అవకాశం లేదు.

మీరు వెళ్ళే తేదీలు మీరు అనుకున్నదాని కంటే మంచివి. ఈ నెల 5న పౌర్ణమి కావడం వల్ల ఇప్పుడు చంద్రుడు రాత్రి మొదటి జాములోనే ఉదయించి ఆకాశాన్ని పాడుచేస్తున్నాడు. 13 నాటికి అర్ధచంద్రుడై అర్ధరాత్రి వేళకు గాని రాడు, 20న అమావాస్య. అంటే భోగి నుంచి మీరు తిరిగి బయలుదేరే వరకు సాయంత్రాలన్నీ చీకటిగానే ఉంటాయి. సంధ్యా కాంతి పూర్తిగా పోయే ఏడుంపావు నుంచి తొమ్మిది లోపల చూడండి. భోగి మంటల పొగ తెల్లవారుజామున ఉంటుంది గాని, రాత్రికి అది అడ్డు కాదు. మీ ప్రాంతంలో మంచు కూడా తెల్లవారుజామునే ఎక్కువగా దిగుతుంది.

ఇక చోటు. ఆ సమయానికి కృత్తికలు, అంటే మీ ఊళ్ళో పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపు, దాదాపు నడినెత్తి మీద ఉంటాయి. గుర్తుపట్టలేకపోతే తూర్పు వైపున ఓరియన్ (వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపు) నడుములో వరుసగా ఉన్న మూడు చుక్కలను పట్టుకోండి. వాటి గీతను పైకి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, మరికొంత పైకి వెళితే కృత్తికలు వస్తాయి. తోకచుక్క 15 నుంచి 17 వరకు కృత్తికలకు పడమరగా, కొంచెం దక్షిణానికి ఒరిగి, సుమారు 8 నుంచి 10 డిగ్రీల దూరంలో ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అదే మీ కొలబద్ద. నిలబడి మెడ విరుచుకోవడం కంటే డాబా మీద మడత మంచం వేసుకుని పడుకోవడం మేలు. ఉత్తరానికి తల పెట్టి పడుకుంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు కనుక తూర్పుకు తల పెట్టండి. అప్పుడు తోకచుక్క కృత్తికల నుంచి మీ కాళ్ళ వైపుకు, కాస్త ఎడమగా ఉంటుంది.

ఎంత కనిపిస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఉన్నది ఉన్నట్టుగా చెప్పాలి. దీని ప్రకాశం 4వ మాగ్నిట్యూడ్ (ఆకాశంలోని వెలుగులకు వేసే కొలత; అంకె తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ) దగ్గర ఉందని చదివి, 4వ మాగ్నిట్యూడ్ నక్షత్రం ఏ పల్లెలోనైనా సులభంగా కనిపిస్తుంది కదా అనుకుంటాం. అయితే నక్షత్రపు వెలుగు మొత్తం ఒక్క బిందువులో ఉంటుంది, తోకచుక్క వెలుగు చంద్రబింబంతో పోల్చదగినంత మేర పలచగా పరచుకుని ఉంటుంది. ఒక చెంచా పాలను గిన్నె అడుగున చూడడానికీ, అదే చెంచాడు పాలను బిందెడు నీళ్ళలో కలిపి చూడడానికీ ఉన్నంత తేడా ఇది. కనుక కంటికి అది చుక్కలా కాక, చెరిపివేసిన సుద్ద మరకలా తోస్తుంది. నేను నిన్న చంద్రోదయానికి ముందు మా అపార్ట్‌మెంటు పైనుంచి చూశాను; వట్టి కంటికి ఏమీ లేదు, బైనాక్యులర్స్‌లో మాత్రం బూడిద రంగు పత్తి ఉండలా స్పష్టంగా కనిపించింది. మీ ఊరి చీకటిలో వట్టి కంటికి కూడా దొరకాలి.

దొరకడానికి రెండు షరతులు. మొదటిది, డాబా మీదికి వచ్చాక కనీసం ఇరవై నిమిషాలు ఫోను తెర చూడకూడదు. ఒక్కసారి చూస్తే కంటికి అలవాటైన చీకటి అంతా పోయి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. టార్చి తప్పనిసరి అయితే దాని మీద ఎర్రటి గాజు కాగితం చుట్టండి. రెండవది, దాని వైపు సూటిగా కాక వారచూపుతో చూడడం. మసక వెలుతురును పట్టే కణాలు కంటి లోపలి తెరలో చూపు నిలిచే నడి భాగంలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే కాస్త పక్కకు చూసినప్పుడు అంతవరకు లేని మరక హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. పిల్లలకు ఇది ఆటగా నేర్పితే తోకచుక్క కంటే ఎక్కువగా దీనినే గుర్తుపెట్టుకుంటారు.

సమాధానం (9 జనవరి, విశాఖపట్నం నుంచి)

పై సమాధానానికి నేను చేర్చేది తక్కువ. నేను పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. నన్ను ఆకర్షించింది మీ నాన్నగారి జ్ఞాపకం.

ఆయనకు ఇప్పుడు అరవై ఏళ్ళు ఉండవచ్చని ఊహిస్తున్నాను. అదే నిజమైతే ఆయన చూసినది 1965 నాటి ఇకేయా-సెకీ. ఆ సంవత్సరం సెప్టెంబరు 18న కవోరు ఇకేయా, త్సుతోము సెకీ అనే ఇద్దరు జపాను ఔత్సాహికులు విడివిడిగా దానిని కనుగొన్నారు. అది అక్టోబరు 21న సూర్యుని ఉపరితలానికి కేవలం 4,50,000 కిలోమీటర్ల ఎత్తులో చుట్టి వచ్చింది. ఆ ఏడాది దీపావళి వెళ్ళి కార్తీకం ప్రవేశించిన రోజుల్లోనే, సూర్యోదయానికి ముందు దాని పొడవైన తోక తూర్పు దిక్కున లేచి కనిపించేది. కార్తీక స్నానానికి నదికి వెళ్ళేవారికి చీకటితో లేవడం, తూర్పుకు తిరగడం రెండూ నియమాలే కనుక, ఖగోళ శాస్త్రజ్ఞులతో సమానంగా ఆ ముత్తైదువులందరూ దానిని చూసి ఉంటారు.

ఇది చెప్పడంలో నా ఉద్దేశం వేరు. ఇకేయా-సెకీ వంటిది ఒక జీవితంలో ఒక్కసారి రావడమే ఎక్కువ. సూర్యుడిని ఒరుసుకుంటూ వెళ్ళినందువల్ల దాని నుంచి ధూళి విపరీతంగా ఊడివచ్చింది, ఆ ధూళి మీద పడిన సూర్యకాంతే చీపురులా కనిపించింది. లవ్‌జాయ్ సూర్యుడికి దూరంగానే ఉండిపోతుంది. దాని తోక ముఖ్యంగా వాయువులది, అయనీకరణం చెందిన (ఎలక్ట్రాను కోల్పోయిన) కార్బన్ మోనాక్సైడ్ వల్ల నీలంగా కెమెరాలో పడుతుంది, కంటికి దాదాపుగా అందదు. తల చుట్టూ ఫోటోల్లో కనిపించే ఆకుపచ్చ రంగు రెండేసి కర్బన పరమాణువులు కలిసిన అణువులది. అంత మసక కాంతిలో మన కన్ను రంగును గుర్తించదు కనుక అదీ మీకు బూడిద రంగులోనే కనిపిస్తుంది. మీ నాన్నగారికి ఈ సంగతి డాబా ఎక్కకముందే చెప్పండి. ఎక్కాక చెబితే సాకులా వినిపిస్తుంది.

మరొక మాట. దీనిని కనుగొన్న టెర్రీ లవ్‌జాయ్ కూడా వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞుడు కాడు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, 8 అంగుళాల టెలిస్కోపుతో, 2014 ఆగస్టు 17న పట్టుకున్నాడు. ఇది ఆయన పేరు మీద అయిదవ తోకచుక్క. మన వైపు చూస్తే, హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకున్న వేణు బాప్పు 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్కను గుర్తించారు. బాప్పు-బోక్-న్యూకిర్క్ అన్న పేరులో ఆయన పేరే ముందుంది.

ప్రశ్నకర్త (10 జనవరి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఫోను చేసి 1965 సంగతి చెప్పాను. తాను అప్పుడు నాలుగో తరగతి అని, లెక్క సరిపోయిందని అన్నారు. అయితే అమ్మ మధ్యలో ఫోను తీసుకుని, పండుగ పూట ధూమకేతువును పనిగట్టుకుని చూడడమేమిటని మందలించింది. నిన్న సాయంత్రం ఇక్కడ పడమర దిక్కున చాలా ప్రకాశంగా ఒక చుక్క, దాని పక్కనే చిన్నది మరొకటి కనిపించాయి. అందులో తోకచుక్క ఏదైనా ఉందా?

సమాధానం (10 జనవరి, హైదరాబాదు నుంచి)

లేదు. ప్రకాశంగా ఉన్నది శుక్రుడు, పక్కనున్నది బుధుడు. ఈ రోజు ఆ రెండూ ఒక డిగ్రీ కంటే తక్కువ దూరంలో ఉంటాయి, మబ్బు లేకపోతే తప్పక చూడండి. మీ అమ్మగారి మాటకు నేను ఎదురు చెప్పను గాని, చూసినా చూడకపోయినా అది ఆకాశంలో ఉంటుందని, చూడనంత మాత్రాన దోషం తప్పదని నెమ్మదిగా మనవి చేయవచ్చు. మా ఇంట్లో ఈ వాదమే పనిచేసింది.

ప్రశ్నకర్త (18 జనవరి)

రైలులో కూర్చుని రాస్తున్నాను. భోగి నాడు మబ్బు పట్టింది. సంక్రాంతి రాత్రి బంధువులు వెళ్ళేసరికి తొమ్మిదిన్నర అయింది. పక్క చేపల చెరువు గట్టు మీద వేసిన దీపాల వల్ల పడమర అంతా తెల్లబారి ఉంది, కృత్తికలు కూడా అటే ఒరిగాయి, ఏమీ దొరకలేదు. కనుమ నాడు ఏడున్నరకే మంచాలు వేసుకుని, తూర్పుకు తలలు పెట్టి, ఫోన్లన్నీ కింద వదిలేసి పడుకున్నాం. ముందుగా బైనాక్యులర్స్‌లో నాకు దొరికింది, మీరు చెప్పినట్టే పత్తి ఉండ. తరువాత పెద్దమ్మాయి వారచూపుతో వట్టి కంటితోనే పట్టింది. చిన్నవాడు కనిపించిందని అన్నాడు గాని వేలు చూపించినది వేరే చోట.

నాన్నగారికి ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయింది. చేతులు వణకకుండా పిట్టగోడకు మోచేతులు ఆనించి, బైనాక్యులర్స్‌తో చాలాసేపు వెతికి, చివరకు చూశారు. చూసి, ‘దీనికి తోకే లేదు, చుక్క కూడా కాదు, మరి తోకచుక్క అని ఎందుకన్నార్రా’ అన్నారు. అయినా 17 రాత్రి మమ్మల్ని పిలవకుండా తానే ముందు డాబా ఎక్కి, నిన్నటి చోటు నుంచి అది కొంచెం ఉత్తరానికి జరిగిందని, జరిగినట్టు గుర్తుగా పక్కనున్న రెండు చిన్న చుక్కలను చూపించారు. అమ్మ మెట్ల మీద వరకు వచ్చింది, పైకి రాలేదు.

సమాధానం (అక్టోబరు 2015, విశాఖపట్నం నుంచి)

పాత చర్చను తిరిగి తెరుస్తున్నందుకు మన్నించాలి. జనవరి చివర, సూర్యుడికి దగ్గరగా ఉన్న రోజుల్లో, స్పెయిన్‌లోని పికో వెలెటా పర్వతం మీది 30 మీటర్ల రేడియో టెలిస్కోపుతో నికొలా బివేర్ బృందం మన తోకచుక్కను పరిశీలించిన ఫలితాలు ఇప్పుడు వెలువడ్డాయి. దాని వాయువుల్లో 21 రకాల కర్బన అణువులు కనిపించాయి. వాటిలో ఈథైల్ ఆల్కహాల్, ఒక సరళమైన చక్కెర కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ ఒక తోకచుక్కలో గుర్తించడం ఇదే మొదటిసారి. అతి చురుకుగా ఉన్నప్పుడు అది ప్రతి సెకనుకు కనీసం 500 సీసాల వైన్‌లో ఉండేంత ఆల్కహాల్‌ను విడుదల చేసిందట. మీ నాన్నగారికి తప్పక చెప్పండి. అమ్మగారికి చెప్పాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.