కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం: ఇప్పుడైనా ఒప్పుకోవాలా, ఇంకా వద్దనే అనాలా?

నాగావళి_గట్టు:
కొవ్వాడ మళ్ళీ వార్తల్లోకొచ్చింది కదా, అందుకే ఈ థ్రెడ్. పార్టీల గోల దయచేసి పక్కన పెట్టండి. తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం, సముద్రం ఒడ్డు, 6 రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం 7,248. మొదట జీఈ హిటాచీ అనే కంపెనీ రియాక్టర్లు అన్నారు, తర్వాత గుజరాత్ మిథివిర్దిలో రైతులు భూములివ్వం అని భీష్మించుకు కూర్చుంటే 2016లో అక్కడి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ ప్రాజెక్టుని ఇక్కడికి తెచ్చారు, మరుసటేడు మార్చిలో ఆ వెస్టింగ్‌హౌసే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, ఇక అంతే సంగతులు. ఇప్పుడు 2025 డిసెంబర్లో పార్లమెంటు శాంతి (SHANTI) అనే పేరుతో కొత్త అణు శక్తి చట్టం పాస్ చేసింది. 1962 అణు శక్తి చట్టం, 2010 అణు నష్ట పరిహార చట్టం రెండూ పోయాయి, ప్రైవేటువాళ్ళు రావచ్చు, ప్రమాదమైతే యంత్రాలు సప్లై చేసినవాడి దగ్గర ప్లాంటు నడిపేవాడు పరిహారం రాబట్టుకునే పాత 17(బి) సెక్షన్లో అసలు ముక్క కొత్త చట్టంలో తీసేశారు. అమెరికా కంపెనీలు ఇన్నాళ్ళూ అడ్డం అన్నది అదే.

నా మాటేంటంటే కట్టనివ్వండి. నేను చాన్నాళ్ళు ఓ థర్మల్ ప్లాంట్‌లో చేశా, బూడిద చెరువు ఎండిపోయి గాలి లేచిన రోజు పక్క ఊళ్ళో ఎలా ఉంటుందో కళ్ళారా చూశా, ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి, మూత తీసిన గిన్నెలో గరగర. దేశం మొత్తం కరెంట్‌లో అణు విద్యుత్ 3 శాతం దగ్గరే ఉంది, 2047 నాటికి లక్ష మెగావాట్లు అంటున్నారు. సోలార్ మంచిదే, కానీ రాత్రి ఎనిమిదింటికి అందరూ ఫ్యాన్లేసుకున్నప్పుడు అది ఉండదు. ఏటంటారు?

తిప్పలవలస_కుర్రోడు:
అన్నా బూడిద సంగతి సరే, మా సంగతేటి? మాది పూసపాటిరేగ మండలం, అంటే విజయనగరం జిల్లా. ప్లాంటు శ్రీకాకుళం జిల్లా. పరిహారం లిస్టులో మా ఊరు లేదు, ఉండదు కూడా. సేపకి జిల్లా సరిహద్దు తెలుస్తాదా? కవ్వళ్ళు, కానాగంతలు గట్టుకి దగ్గర్లో పడితేనే మాలాంటి సిన్న బోటోళ్ళకి డీజిల్ డబ్బులొస్తాయి, పైడిభీమవరంలో ఫ్యాక్టరీలొచ్చినకాణ్ణించి సేప లోపలికి పోయిందని మా ముసలోళ్ళు ఎప్పట్నించో మొత్తుకుంటన్నారు, ఇంకా లోపలికి పోతే మేం ఎక్కడికెల్లాల. ఇప్పటికే సగం మంది గుజరాత్ వెరావల్ పోతన్నారు. 2018 నవంబర్లో పాకిస్తానోళ్ళకి సిక్కి 2020 జనవరిలో ఇంటికొచ్చినోళ్ళలో ఎక్కువమంది మన రెండు జిల్లాలోళ్ళే కదా. ఇక్కడ పని దొరికితే అంత దూరం ఎవుడెల్తాడు. నాకు ఒక్కటి సెప్పండి, ఆ ప్లాంటు వేడినీళ్ళు ఎన్ని సముద్రంలోకి వదుల్తారు?

ఫిజిక్స్_మాస్టారు:
బాబూ, నీ ప్రశ్నకి లెక్క ఉంది. ఇక్కడ కడతామంటున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ పేరు ఏపీ1000, ఒక్కో దాంట్లో పుట్టే వేడి 3,400 మెగావాట్లు. అందులో కరెంటుగా మారేది మూడో వంతుకి కాస్త ఎక్కువ, 1,200 చిల్లర. మిగతా 2,200 ఎక్కడికో పోవాలి కదా, సముద్రం నీళ్ళతో చల్లబరిస్తే అదంతా సముద్రంలోకే. ఆరు రియాక్టర్లకి సుమారు 13 వేల మెగావాట్ల వేడి, పగలూ రాత్రీ. ఆ నీళ్ళు రియాక్టర్‌ని తాకిన నీళ్ళు కావు, రెండు గొట్టాల అవతల వేరే సర్క్యూట్‌లో తిరిగొచ్చేవి, అది పట్టుకుని రేడియేషన్ చేపలు అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళ మాట నమ్మకు. వేడి మాత్రం ఉంటుంది. పైపు ఎంత దూరం వేస్తారు, ఏ లోతులో వదుల్తారు అన్నదాని మీద గట్టు దగ్గర చేప ఉంటుందా పోతుందా అనేది ఆధారపడుతుంది. నువ్వు అడగాల్సింది ఆ పైపు గురించి.

నేను ప్లాంటుకి వ్యతిరేకిని కాదు. విజయనగరంలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, అణువు అనగానే బాంబు అనుకునే భయం నాకు నచ్చదు.

ఉద్దానం_కొబ్బరి:
మాస్టారు గారూ నమస్కారం. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వజ్రపుకొత్తూరు వైపు కరెంటు స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగి పడ్డాయి, రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, సెల్‌ఫోన్ ఛార్జింగ్‌కి జనరేటర్ దగ్గర క్యూ కట్టాం. జపాన్ ఫుకుషిమా అణు ప్లాంటులో 2011లో జరిగింది అదే కదా, కరెంటు పోయింది, జనరేటర్లు మునిగాయి, కూలింగ్ ఆగింది. మన ఒడ్డుకి హుద్‌హుద్ లాంటిది నేరుగా కొవ్వాడ మీదకొస్తే?

ఫిజిక్స్_మాస్టారు:
మంచి ప్రశ్న. ఏపీ1000 ప్రత్యేకత అదే. రియాక్టర్ గూడు నెత్తిన పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంటుంది, కరెంటు పోతే వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి, పంపులూ జనరేటర్లూ లేకుండా నీళ్ళు పైనుంచి లోపలి ఉక్కు గూడు మీద జారతాయి, చుట్టూ గాలి పైకి లాగుతుంది, వేడి పోతుంది. 72 గంటల దాకా మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. ఆ తర్వాత చిన్న పంపుతో పక్క ట్యాంకులోంచి నీళ్ళు పైకెక్కించాలి, దాంతో ఇంకో నాలుగు రోజులు. ఫుకుషిమా డిజైన్ 1960ల నాటిది, రెంటినీ ఒక గాటన కట్టకూడదు. కానీ మీరన్న ముక్క వదిలెయ్యను, ఏడో రోజుకి రోడ్డు మీద చెట్లు తీసి నీళ్ళూ డీజిలూ అక్కడికి చేర్చగలమా? అది మన ఆర్ అండ్ బీ వాళ్ళని అడగాలి.

తంపర_పొలం:
డిజైన్ బ్రహ్మాండం, ఒప్పుకుంటా. రేటు చూశారా ఎవరైనా? అమెరికా జార్జియాలో వోగల్ ప్లాంటులో ఇవే రియాక్టర్లు రెండు కట్టారు. 1,400 కోట్ల డాలర్లు అని మొదలెట్టి 3,000 కోట్ల డాలర్లు దాటించారు, ఒకటి 2023 జూలైలో, రెండోది 2024 ఏప్రిల్లో నడకకొచ్చాయి, అప్పటికి ఏడేళ్ళు ఆలస్యం. పక్కనే సౌత్ కరోలినాలో ఇంకో రెండు సగం కట్టి 2017లో చేతులెత్తేశారు, ఆ సగం గోడలకి బిల్లు కట్టింది అక్కడి కరెంటు వాడేవాళ్ళే. చైనావాడు 2018లో నాలుగు నడిపించాడు అంటారు, నిజమే, కానీ వాడి కూలీ రేట్లూ వాడి పద్ధతీ వేరు. మన డిస్కం (కరెంటు పంచే కంపెనీ) యూనిట్ ఎంతకి కొంటుందో రాసిచ్చాకే నేను ఔనంటా. వాడేశాక తర్వాత వడ్డించే ట్రూఅప్ ఛార్జీల బిల్లు ఇప్పటికే చూస్తున్నాం.

కోర్టు_మెట్లు:
ఇక్కడ చాలామంది శాంతి చట్టంలో నష్టపరిహారం 3,000 కోట్లకి పెంచారు అని పేపర్లో చదివి సంతోషిస్తున్నారు. చట్టం వెనక షెడ్యూల్ కూడా చదవండి. 3,000 కోట్లు 3,600 మెగావాట్ల వేడి దాటిన రియాక్టర్లకి. 1,500 నుంచి 3,600 మధ్య ఉంటే ప్లాంటు నడిపే ఆపరేటర్ కట్టేది 1,500 కోట్లే. మాస్టారు పైన చెప్పారు, ఏపీ1000 ది 3,400. అంటే కొవ్వాడకి వచ్చేది 1,500 కోట్లు. 2010 చట్టంలోనూ ఇదే అంకె! పదిహేనేళ్ళలో బియ్యం బస్తా ఎంత పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మన ప్రాణాల ఖరీదు మాత్రం అక్కడే ఉంది, పైగా సప్లయర్‌ని వదిలేశారు.

ఫుకుషిమా కంపెనీ ఇప్పటిదాకా బాధితులకి కట్టింది 10 లక్షల కోట్ల యెన్లు దాటింది. రూపాయల్లో వేసి చూసుకోండి.

నాగావళి_గట్టు:
మేడమ్, 1,500 దాటితే కేంద్రం భరిస్తుంది కదా, చట్టంలో అదీ ఉంది. అంతర్జాతీయ నిధి నుంచి కూడా వస్తుంది, 2016లో ఆ ఒప్పందంలో చేరాం. పైగా మన అణు ప్లాంట్లు 1969 తారాపూర్ నుంచి నడుస్తున్నాయి, ఊరు ఖాళీ చేయించే ప్రమాదం ఒక్కటీ జరగలేదు. జరగని దాని గురించి ఎంతసేపు?

కోర్టు_మెట్లు:
కేంద్రం భరించేదానికీ పరిమితి ఉంది సార్, ఆపరేటర్‌దీ కేంద్రానిదీ కలిపి 30 కోట్ల ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్), మన డబ్బుల్లో మూడున్నర వేల కోట్ల చిల్లర. సర్కారు చూసుకుంటుంది అన్న మాట భోపాల్ వాళ్ళకీ చెప్పారు. 1984లో గ్యాస్ పోయింది, 1989లో సర్కారే కూర్చుని 47 కోట్ల డాలర్లకి సెటిల్ చేసేసింది, జనాన్ని అడగలేదు. 17(బి) పుట్టిందే ఆ అనుభవం నుంచి. మీరన్నట్టు ప్రమాదం జరగదు అని కంపెనీకీ అంత నమ్మకం ఉంటే ఆ చట్టం కింద సంతకం పెట్టడానికి పదిహేనేళ్ళుగా ఎందుకు జంకుతూ వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పరు.

నాగావళి_గట్టు:
ఇన్సూరెన్స్ దొరకదు కాబట్టి. చాలా దేశాల్లో సప్లయర్ మీద ఇలా లేదు, మన దగ్గర ఉండేది. రష్యావాడు కూడంకుళంలో కడుతూనే ఉన్నాడుగా.

కోర్టు_మెట్లు:
అంటే ఆ చట్టం ఉన్నా కట్టేవాడు కడతాడనేగా మీరంటున్నది 🙂

మా_ఊరి_కోడలు:
మీరంతా రియాక్టరు గురించి మాట్లాడుతున్నారు, నాకు చదువుతుంటే కడుపు మండిపోతోంది, కోపంగా రాస్తున్నా అనుకోవద్దు. మా కన్నవారిది ఆ భూములు తీసుకునే ఊళ్ళలో ఒకటి. పేరు రాయను. ప్రాజెక్టు వస్తుందన్న మాట మొదలై పదిహేనేళ్ళు దాటింది. అప్పుడు మా నాన్న కొత్తగా స్లాబ్ వేశాడు, పై అంతస్తు అన్నయ్య పెళ్ళికి వేద్దాం అని స్తంభాల మీద చువ్వలు వదిలాడు. అన్నయ్యకి పెళ్ళైంది, ఇద్దరు పిల్లలు, చువ్వలు అలాగే ఉన్నాయి, ఎర్రగా తుప్పు పట్టి వానొస్తే గోడ మీద చారలు దిగుతాయి. ఇల్లు పెంచితే లెక్కలోకి రాదంటారు, పెంచకపోతే ఇరుకు. పొలం కాగితాలు పట్టుకెళ్తే లోన్ ఇవ్వాల్సినవాళ్ళు ఊరి పేరు చూడగానే మొహం తిప్పుకుంటారు. కొనేవాడు లేడు. ఆడపిల్లకి సంబంధం మాట్లాడబోతే అవతలివాళ్ళు మొదట అడిగేది మీ ఊరు ఉంటుందా లేచిపోతుందా అని.

ఎచ్చెర్ల మండలం ధర్మవరం దగ్గర పునరావాసం కాలనీ అన్నారు. సముద్రం మీద బతికినోణ్ణి అక్కడ కూర్చోబెడితే వలెక్కడ ఆరేసుకుంటాడు, పడవెక్కడ కట్టుకుంటాడు అని మా ఊళ్ళో మొదటినుంచీ గొడవ.

నేను కట్టండి అనను, వద్దు అనను. తేదీ చెప్పండి. ఫలానా ఏడు ఫలానా నెలకల్లా పని మొదలెట్టకపోతే నోటిఫికేషన్ రద్దు చేసి భూములు మావి మాకు ఒదిలేస్తాం అని జీవోలో రాయండి. సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో కాల్పుల్లో మనుషులు పోయాక సర్కారుకి కదలిక వచ్చింది, మా ఊరివాళ్ళు ఎవర్నీ చంపుకోకుండా ఓపిగ్గా కూర్చున్నారు, అందుకే ఎవరికీ పట్టలేదేమో.

ఉద్దానం_కొబ్బరి:
అక్కా, ఇది అందరం చదవాల్సిన పోస్ట్. కంపెనీ దివాలా తీస్తే దాన్ని వేరేవాడు కొనుక్కున్నాడు, మళ్ళీ అమ్ముకున్నాడు, ఏ ఇబ్బందీ లేదు. ఇరుక్కున్నది ఊరు.

ఎచ్చెర్ల_బీటెక్:
నాది ఉద్యోగాల ప్రశ్న. ప్లాంటొస్తే లోకల్‌వాళ్ళకి జాబ్స్ అని ప్రతి మీటింగ్‌లో చెప్తారు. అణు ప్లాంట్లు నడిపే కేంద్ర సంస్థ ఎన్‌పీసీఐఎల్ వాళ్ళు ఆపరేటర్లని, టెక్నీషియన్లని స్టైపెండరీ ట్రైనీలుగా తీసుకుంటారు, డిప్లొమావాళ్ళకి ఒక కేటగిరీ, ఇంటర్, ఐటీఐ వాళ్ళకి ఇంకోటి, దేశం మొత్తానికి పోటీ పరీక్ష. మన పిల్లలు అప్లై చేయొచ్చు, కానీ కొవ్వాడ పిల్లాడూ రాజస్థాన్ కోటా ఊళ్ళో కోచింగ్ తీసుకున్న పిల్లాడూ ఒకే పేపర్ రాయాలి. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ఆర్‌జీయూకేటీ క్యాంపస్ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది. కాంక్రీటు పోసే ముందే వీటిలో రియాక్టర్ మెయింటెనెన్స్, రేడియేషన్ సేఫ్టీ కోర్సులు పెట్టి, భూములిచ్చిన ఇళ్ళ పిల్లలకి ఫీజు లేకుండా సీట్లు ఇస్తే అప్పుడు మాట నమ్ముతా. ప్లాంటు కట్టడానికి ఎలాగూ పదేళ్ళు పడుతుంది, ఇవాళ ఏడో తరగతిలో ఉన్న గుంటడు అప్పటికి డిప్లొమా చేసి కూర్చుంటాడు. లేకపోతే మనకి మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్‌లో గిన్నెలు.

నాగావళి_గట్టు:
ఇది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను చేసిన చోట కూడా భూమిచ్చిన కుటుంబాల నుంచి కంట్రోల్ రూమ్ దాకా వచ్చినవాళ్ళు చాలా తక్కువ, ఎక్కువమంది కాంట్రాక్టు లేబరే. ప్లాంటు కావాలి అన్న మాట మీదే ఉన్నా, కానీ తేదీ, పైపు, సీట్లు, ఈ మూడూ రాతపూర్వకంగా ముందు రావాలి. పరిహారం పరిమితి సంగతిలో మేడమ్‌తో ఇంకా ఒప్పుకోను.

కోర్టు_మెట్లు:
మీరు ఒప్పుకోకపోయినా షెడ్యూల్ మారదు సార్. పోనీ అందరికీ పనికొచ్చేది చెప్తా. పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. అక్కడ నోటితో చెప్పినవి గాలికి పోతాయి, రాసిచ్చి రసీదు తీసుకోండి, మీ మాట మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) ఎక్కిందో లేదో చూసుకోండి. పైపు పొడవు, లోతు, గట్టు దగ్గర నీళ్ళ వేడి ఎంత పెరుగుతుంది, ఇవన్నీ ఆ నివేదికలోనే ఉండాలి. ఇంకోటి, జిల్లా శ్రీకాకుళం అయినా ఎచ్చెర్ల నియోజకవర్గం విజయనగరం ఎంపీ కిందకొస్తుంది, కాబట్టి పూసపాటిరేగ వాళ్ళూ రణస్థలం వాళ్ళూ వినతిపత్రం ఇచ్చేది ఒకే మనిషికి. ఎవరికి వారు తిరగకండి.

తిప్పలవలస_కుర్రోడు:
మేడమ్ థాంక్స్. మరి ఆ మీటింగ్ ఎప్పుడు పెడతారన్నది కూడా సూడాల. ఆగస్టు కాణ్ణించి మగోళ్ళు సగం మంది వెరావల్లో ఉంటారు, అప్పుడు పెట్టీసి మత్స్యకారులెవురూ రాలేదు, అభ్యంతరం లేదు అని రాసుకుంటే కుదరదు. వేట నిషేధంలో, జూన్ మొదట్లో పెట్టమనండి, అప్పుడు బోట్లన్నీ గట్టు మీదే ఉంటాయి, మేమూ ఊళ్ళోనే ఉంటాం. నోటీసు ఎవురికి కనపడినా ఇక్కడ ఫోటో పెట్టండి, తిప్పలవలస, కోనాడ, చింతపల్లి మూడూళ్ళకీ నేను తిప్పుతాను.