శాసనాల పుస్తకంలో ఇంగ్లీషు భాగానికి టైమ్స్ న్యూ రోమన్ తగునా?

పానగల్లు వాసి:
పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం దగ్గరి శాసనాలను పరిచయం చేస్తూ మేము నలుగురం కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నాం. ఎడమ పేజీలో తెలుగు పాఠం, కుడి పేజీలో ఇంగ్లీషు అనువాదం ఉంటాయి. ఇంగ్లీషుకు టైమ్స్ న్యూ రోమన్ వాడాలని నా అభిప్రాయం. గీతల కొసలకు చిన్న పాదాలుండే ఆ సెరిఫ్ అక్షరం పుస్తకానికి నిండుదనం తెస్తుంది. మన తలకట్టు కూడా ఒక రకమైన సెరిఫే కాబట్టి రెండు లిపులూ నప్పుతాయి. మా బృందంలో ఒకరు మాత్రం ఏరియల్ వంటి కొసలు లేని అక్షరమే తెలుగు పక్కన శుభ్రంగా ఉంటుందని పట్టుబడుతున్నారు.

డీటీపీ పనివాడు, నల్లగొండ:
నేనూ ఏరియల్ వైపే. టైమ్స్‌లోని సన్న గీతలు చవక కాగితం మీద, ముఖ్యంగా జిరాక్సు ప్రతుల్లో, తెగిపోవడం నా పనిలో చాలాసార్లు చూశాను. తాటాకు మీద గంటంతో గీసిన గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంగా ఉంటుంది. ఆ గుండ్రని రాతకు కొసలు లేని ఇంగ్లీషు అక్షరమే దగ్గరి చుట్టం.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పాలమూరు:
తలకట్టును సెరిఫ్ అనడం నాకు సమ్మతం కాదు. ఇంగ్లీషు అక్షరానికి సెరిఫ్ తీసేసినా అది అదే అక్షరంగా చదువుకోబడుతుంది. 'క'కు తలకట్టు తీసి గుడి పెడితే 'కి' అవుతుంది, పొల్లు పెడితే 'క్' అవుతుంది. అంటే తలకట్టు అచ్చును తెలిపే గుర్తు, అలంకారం కాదు. జ, బ, ల, ట, ణ వంటి అక్షరాలకు అసలు తలకట్టే లేదు. సెరిఫ్ పుట్టుక వేరు. రోములో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం మీది అక్షరాలను పరిశీలించిన ఎడ్వర్డ్ కాటిచ్, శిల్పి ఉలి పట్టక ముందు రాతి మీద పట్టీ కుంచెతో అక్షరాలు రాసేవారనీ, ఆ కుంచెను తిప్పి ఆపే చోట ఈ కొసలు పుట్టాయనీ 1968లో వాదించారు. బోర్డులు రాసే పెయింటరు చేతి కదలికను దగ్గర నుంచి చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

అయినంత మాత్రాన సెరిఫ్ వద్దని నేననను. అనువాదమూ వ్యాఖ్యానమూ పేజీల కొద్దీ సాగే పుస్తకంలో సెరిఫ్ అక్షరమే నాకు హాయిగా చదివిస్తుంది. నా అభ్యంతరమల్లా టైమ్స్ మీదే. లండన్‌లోని ది టైమ్స్ పత్రిక కోసం స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ గీసిన ఆ అక్షరం 1932 అక్టోబరు 3న మొదటిసారి ఆ పత్రికలో అచ్చయింది. ఇరుకైన పత్రికా కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలన్నది దాని అవసరం, అందుకే అక్షరాలు ఒద్దికగా దగ్గర దగ్గరగా ఉంటాయి. తెలుగుకేమో కింద వత్తులు, పైన గుడులు ఉన్నందున వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. విశాలంగా పరచుకున్న తెలుగు పేజీకి ఎదురుగా ఆ ఇరుకు అక్షరాన్ని పెడితే కుడి పేజీ ఊపిరాడనట్టు కనిపిస్తుంది. ఒకే పాయింటు సైజు ఇస్తే ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. కంటికి రెండూ సమానంగా తోచేదాకా సైజులు సవరించుకోవాలి.

శాసనాల పుస్తకానికి మరో అవసరం కూడా ఉంది. తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు దీర్ఘానికి పైన గీత, 'ళ'కు, 'ణ'కు కింద చుక్క కావాలి. విక్టర్ గాల్ట్నీ రూపొందించిన జెంటియం అనే సెరిఫ్ ఖతి (ఫాంటు) ఇలాంటి గుర్తులన్నింటితో ఉచితంగా దొరుకుతుంది. తెలుగు వైపు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతో ఉన్న యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ ఒకే ప్రామాణిక సంకేతాలిచ్చే పద్ధతి) ఖతిని చూడండి. గోలకొండ పత్రికను నడిపిన మా పాలమూరు పెద్దాయన పేరు కావడం నాకొక సంతోషం.

పానగల్లు వాసి:
తలకట్టు విషయంలో నా పొరపాటు ఒప్పుకుంటున్నాను సార్. అయితే దశాబ్దాలుగా కంప్యూటర్లలో చూస్తున్న టైమ్స్‌కు మన పాఠకుల కన్ను అలవాటు పడింది. ఆ అలవాటును అంత తేలిగ్గా తీసిపారేయవచ్చా?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పాలమూరు:
అలవాటుకు విలువ ఉంది, కాదనను. కానీ ఆ అలవాటు దరఖాస్తులూ ప్రాజెక్టు రిపోర్టులూ చదివి వచ్చింది. పానగల్లును ఏలిన కందూరు చోడుల శాసనం చదవడానికి కూర్చున్నవారికి పేజీ చూడగానే ఆఫీసు కాగితం గుర్తుకు రాకూడదని నా కోరిక.

డీటీపీ పనివాడు, నల్లగొండ:
చుక్కలూ గీతలూ కావాలంటే మాత్రం నా ఏరియల్ వాదన కన్నా పెద్ద సమస్య ఒకటుంది. మా దగ్గర పని ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో నడుస్తోంది. అందులో యూనికోడ్ లేదు కాబట్టి జెంటియంలోని ఆ గుర్తులు రావు. పుస్తకం మొత్తాన్ని ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తో చేయాలి, టైపు చేసిన తెలుగును మార్చుకుని మళ్లీ ప్రూఫులు దిద్దుకోవాలి. సెరిఫ్ తెగిపోతుందన్న నా భయం కూడా మంచి కాగితం మీద ఆఫ్‌సెట్‌లో వేస్తే చాలావరకు తీరుతుంది. ఒకే శాసనం పేజీని టైమ్స్‌లో, ఏరియల్‌లో, జెంటియంలో మూడు నమూనాలుగా తీసి ఆదివారం తెస్తాను. టైమ్స్ కన్నా జెంటియంకు పేజీలు పెరుగుతాయి, ఆ కాగితం ఖర్చుకు మీ నలుగురూ ముందే ఒప్పుకుని ఉండండి.