అమ్మతో అలెంతేజు: కారు లేకుండా ఆరు రోజులు

ప్రశ్న:
మే రెండో వారంలో అమ్మతో పోర్చుగల్ వెళ్తున్నాను. లిస్బన్ పోను ఆరు రోజులు మిగులుతాయి. అందరూ దక్షిణ తీరంలోని అల్గార్వెకు పొమ్మంటున్నారు, నా మనసేమో దానికి ఎగువన ఉన్న అలెంతేజు ప్రాంతం మీద ఉంది. ఎవోరా, చుట్టుపక్కల పల్లెలు, కాస్త సముద్రం చూడాలి. నాకు కారు నడపడం రాదు. అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయ్యే పనేనా?

జవాబు 1:
అయ్యే పనేనండీ, రోజుకో ఊరు పెట్టుకోకపోతే. లిస్బన్ నుంచి ఎవోరాకు రైలులో గంటన్నర. మూడు రాత్రులు అక్కడే ఉండండి. రోమన్ గుడి స్తంభాలు ఎలాగూ చూస్తారు. గోడలకు మనుషుల ఎముకలు పొదిగిన ఎముకల ప్రార్థనా మందిరం సంగతి మాత్రం అమ్మగారికి ముందే చెప్పండి. "ఇక్కడున్న ఎముకలం మీ ఎముకల కోసం ఎదురుచూస్తున్నాం" అని గుమ్మం మీద రాసి ఉంటుంది. అర్థం చెప్పగానే మా అత్తగారు లోపలికి రానని బయటే కూర్చున్నారు.

నేను 2024 మేలో వెళ్లాను. ఊరి కంటే దగ్గర్లోని అల్మెంద్రెష్ అనే చోట ఆదిమ కాలపు మనుషులు నిలబెట్టిన రాళ్ల దగ్గరకు టాక్సీలో వెళ్లిన దారే నాకు ఎక్కువ గుర్తుంది. సీసా బిరడాలకు బెరడు ఇచ్చే కార్క్ ఓక్ చెట్లు అటూ ఇటూ ఉంటాయి. కాండం మీద తెల్లరంగుతో ఒక అంకె వేస్తారు, అది బెరడు ఒలిచిన సంవత్సరం చివరి అంకె. 3 ఉన్న చెట్టు ఇంకా ఇటుక రంగులోనే ఉంది, 6 ఉన్నది బూడిద రంగుకు తిరిగింది. ఒకసారి ఒలిస్తే తొమ్మిదేళ్ల దాకా మళ్లీ కత్తి పెట్టరు. టాక్సీ ఆపించి అంకెలు చూస్తూ నిలబడితే డ్రైవరు నవ్వాడు.

ఆదివారం మాత్రం పల్లెలకు బస్సును నమ్ముకుని వెళ్లకండి. నేను వెళ్లి తిరుగు బస్సు లేక చర్చి మెట్ల మీద మూడు గంటలు కూర్చున్నాను.

జవాబు 2:
తీరానికి విలా నొవ ద మిల్ఫొంతెష్ మేలు. లిస్బన్‌కు వెనక్కి వచ్చి బస్సు ఎక్కండి. సముద్రం చల్లగా, ఉద్ధృతంగా ఉంటుంది, మీరా నది కలిసే చోట నీళ్లు కొంచెం శాంతం. సముద్రం ఒడ్డునే సాగే జాలరుల కాలిబాట మీకు నచ్చుతుంది కానీ అమ్మగారికి వద్దు, చాలా దూరం ఇసుకలోనే నడక. ఆమెను టాక్సీలో సముద్రంలోకి పొడుచుకు వచ్చిన సర్దావ్ కొండకొమ్ముకు తీసుకెళ్లండి. అక్కడ స్టార్క్ కొంగలు సముద్రంలోని కొండరాళ్ల కొసల మీద గూళ్లు కడతాయి. మేలో పిల్లలు గూళ్లలోనే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
కొంగలనగానే అమ్మ ఒప్పుకుంది! కానీ ఆమె చేప, మాంసం తినదు. గుడ్డు తింటుంది.

జవాబు 1:
అయితే అసోర్ద అడగండి. వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు దంచి, ఆలివ్ నూనె, మరిగిన నీళ్లు పోసి, అందులో పాత రొట్టె ముక్కలు, పైన గుడ్డు వేసి ఇస్తారు. కొన్నిచోట్ల కాడ్ చేప ఉడికించిన నీళ్లు పోస్తారు కాబట్టి "సెం బకల్యావ్" (కాడ్ చేప లేకుండా) అని ముందే చెప్పండి. అడగకుండా బల్ల మీద పెట్టే రొట్టె, ఆలివ్‌లకు డబ్బు తీసుకుంటారు. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపండి.