స్టీల్ కుక్కర్, ఇనప పెనం ఆన్‌లైన్‌లో కొనొచ్చా? వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి

తెనాలి అమ్మాయి

అందరికీ నమస్తే అండీ. మా అమ్మ కుక్కర్ ఇక పనికిరాకుండా పోయింది. పదిహేడేళ్ళ నాటి అల్యూమినియం ఐదు లీటర్లది, ఎన్ని రబ్బర్లు మార్చామో లెక్కలేదు, ఇప్పుడు కొత్త రబ్బరు వేసినా ఆవిరి పక్కల నుంచి తన్నుకొచ్చేస్తుంది, విజిల్ రాదు, పప్పు పలుకుపలుకుగానే ఉంటుంది. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది, నేను కూకట్‌పల్లిలో, అందుకని ఆన్‌లైన్‌లో బుక్ చేసి నేరుగా అమ్మకే పంపిద్దామని చూస్తున్నా. మూడు రోజుల నుంచి పిల్లాడు పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నా గానీ చూసేకొద్దీ అయోమయంగా ఉంది. చూడ్డానికి ఒకేలా ఉన్న ఐదు లీటర్ల స్టీల్ కుక్కర్ ఒకటి 1,199, ఇంకొకటి 2,650. తక్కువదానికి 4.3 స్టార్లు, వేలల్లో రేటింగులు, కంపెనీ పేరు మాత్రం ఎప్పుడూ విన్నది కాదు.

అమ్మ వారానికి నాలుగు రోజులు పప్పుచారో పులుసో పెడుతుంది, అల్యూమినియంలో పులుపు వద్దంటున్నారు కదా, అందుకే స్టీల్ అనుకున్నా. ఇంతకీ ఆ స్టార్లు నమ్మొచ్చా? అలాగే నాన్‌స్టిక్ పెనం మీద పూత పెచ్చులుగా లేస్తుంది, ఇనప పెనం తీసుకుందామా అని కూడా. ఇంకోటి, మా చెల్లి టెక్సాస్‌లో ఉంటుంది, ఈసారి వచ్చినప్పుడు ఇక్కడి నుంచి మిక్సీ పట్టుకెళ్తానంటుంది, అది పని చేస్తుందా? సొంతంగా వాడినవాళ్ళు చెప్తే చాలు, లింకులు అక్కర్లేదు.

రాజమండ్రి కోడలు

ఆ 1,199ది కొనకండి అమ్మా, ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది చెప్తా. నేను కిందటేడు దసరా సేల్‌లో సరిగ్గా అలాంటిదే కొన్నా, మూడు లీటర్లది, పేరు ఎందుకులెండి. బొమ్మలో చక్కగా మెరిసిపోతుంది, రివ్యూలు బ్రహ్మాండం. డబ్బా తెరిస్తే లోపల ఒక కార్డు, ఐదు స్టార్లు పెట్టి ఆ స్క్రీన్‌షాట్ పంపిస్తే వంద రూపాయలు వెనక్కి ఇస్తామని. అప్పుడు అర్థమైంది నాకు ఆ స్టార్లు ఎక్కడి నుంచి వచ్చాయో. ఇంకో సంగతి, వెనక్కి వెళ్ళి రివ్యూలు నిదానంగా చదివితే సగం అసలు కుక్కర్ గురించే కావు, కడాయి బాగుంది, మూత సరిపోయింది, ఇలా, అదే కంపెనీ వేరే సామాన్ల రివ్యూలన్నీ ఒకే చోట కలిపేసి పెట్టారు. మీరు చూసేటప్పుడు ఐదు స్టార్లవి వదిలేసి రెండు, మూడు స్టార్లవి కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి, నిజాలన్నీ అక్కడే ఉంటాయి.

నెల రోజులు బాగానే వాడా. ఒక రోజు కందిపప్పు పెట్టి పిల్లకి జడ వేస్తున్నా, ఎంతకీ విజిల్ రాదు. వెళ్ళి చూస్తే మూత మధ్యలో కొంచెం ఉబ్బినట్టు ఉంది, వెయిట్ కదలట్లేదు. గ్యాస్ కట్టేసి పిల్లని తీసుకుని బయటికొచ్చేశా, పూర్తిగా చల్లారేదాకా గంటసేపు వంటింట్లోకి వెళ్ళలేదు. పప్పు నురుగు పొంగి ఆవిరి గొట్టంలో అడ్డం పడింది, అది ఏ కుక్కర్‌లో అయినా జరగొచ్చు, అప్పుడు కాపాడాల్సింది సేఫ్టీ వాల్వ్. బజార్లో కుక్కర్లు బాగుచేసే పెద్దాయనకి చూపిస్తే ఆయన ఆ వాల్వ్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. లోపల వేడికి కరిగిపోయే లోహం ఉండాలట, వేడి హద్దు మీరితే అది కరిగి ఆవిరి బయటికి పోతుంది. నా దాంట్లో అది లేనే లేదు, ఊరికే గట్టి మేకు లాంటిది బిగించి పైన టోపీ పెట్టారు. ఇప్పటికీ తల్చుకుంటే చేతులు చల్లబడతాయి.

కాబట్టి స్టార్లు కాదు, ఐఎస్ఐ గుర్తు చూడండి. కుక్కర్లకి అది తప్పనిసరి, 2021 ఫిబ్రవరి 1 నుంచి ఆ గుర్తు లేకుండా అమ్మకూడదు. గుర్తు పైన ఐఎస్ 2347 అని ఉండాలి, కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉండాలి. డబ్బా మీద ఉంటే చాలదు, కుక్కర్ మీదే ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ అని, ఆ ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ళ యాప్ ఉంటుంది, అందులో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీ, ఏ సామానుకి లైసెన్స్, ఇప్పుడు నడుస్తుందా లేదా అన్నీ వస్తాయి. పెద్ద సైట్ కదా వాళ్ళే చూసుకుంటారులే అనుకోవద్దు. 2022లో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఇలాంటి నాసిరకం కుక్కర్లు అమ్మనిచ్చారని అమెజాన్‌కి, ఫ్లిప్‌కార్ట్‌కి చెరో లక్ష జరిమానా వేసింది, అమెజాన్‌లో అయితే అలా అమ్ముడుపోయినవి 2,265 అని ఆ ఆర్డర్‌లోనే ఉంది. కొన్నవాళ్ళందరికీ చెప్పి, వెనక్కి తీసుకుని డబ్బులు ఇచ్చేయమన్నారు.

నా డబ్బులు ఎలా వచ్చాయంటే, సైట్ వాళ్ళు రిటర్న్ గడువు అయిపోయిందండి అని ఒకటే పాట. 1915కి ఫోన్ చేశా, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు. బిల్లు, కుక్కర్ ఫోటోలు, ఆ కార్డు ఫోటో అన్నీ పెట్టమన్నారు, పెట్టా. మూడు వారాలకి డబ్బు మొత్తం పడింది. అసలు 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి సైట్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, మనం కంప్లైంట్ పెడితే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. కస్టమర్ కేర్‌తో చాట్ చేసి చేసి విసిగిపోయే బదులు ముందే ఆ ఆఫీసర్ ఈమెయిల్ సైట్‌లో వెతికి పట్టుకోండి.

గిన్నెల కొట్టు కరీంనగర్

అక్కా నేను బేగంబజార్ల గిన్నెల దుకాణంల పదకొండేండ్లు పనిచేసిన, ఇప్పుడు ఇక్కడ సొంతంగ పెట్టుకున్న. దుకాణపోడు ఆన్‌లైన్ వద్దనే అంటడు అనుకోకు, తెలిసిన కంపెనీది, ఆ కంపెనీ వాళ్ళే అమ్మేదైతే ఆన్‌లైన్ల తీసుకో, ఒక్కోసారి మాకు వచ్చే రేటు కంటే అండ్లనే తక్కువుంటది, ఉన్నమాట చెప్తున్న. గని అమ్మేటోడు ఎవడో ఆడ చిన్నగ రాసి ఉంటది, అది మాత్రం తప్పకుండ చూడు. ఒకటే బొమ్మ కింద పదిమంది అమ్ముతుంటరు.

స్టీల్ అంటే అన్నీ ఒకటే అనుకుంటరు, కాదు. 304 గ్రేడ్ అంటే అండ్ల క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటది, గందుకే 18/8 అని రాస్తరు. 202 అనేది ఇంకొకటుంటది, అండ్ల నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతరు, రేటు తక్కువైతది, కొత్తగున్నప్పుడు రెండిటికి తేడా కంటికి కనవడది. పులుసు రాత్రంత ఉంచితే, ఉప్పు తగిలితే కొన్నొద్దులకు 202 మీద చుక్కలు చుక్కలు లేస్తయి. చానమంది అయస్కాంతం పెట్టి చూస్తరు, అంటుకోకపోతే మంచి స్టీల్ అని. అది తప్పు, 202కు సుత అంటుకోదు. ఇంకోటి, ఇండక్షన్ మీద పెట్టే కుక్కర్ అడుగుకు అయస్కాంతం అంటుకోవాలె, అంటుకోకపోతే అది ఇండక్షన్ మీద పనిచెయ్యది. ఏ గ్రేడో రాయకుంట ఊరికే 'ప్రీమియం స్టీల్' అని రాసిండు అంటే నేనైతే ముట్టుకోను.

ఇంకో ముచ్చట, లీటర్లు కాదు బరువు చూడు. మా దగ్గర గిన్నెలు కిలోల లెక్కన తూకమేసి అమ్ముతం కాబట్టి మనిషి చేతిల పట్టుకుంటేనే తెలుస్తది. ఆన్‌లైన్ల గది తెల్వదు, గని కింద వివరాలల్ల బరువు రాస్తరు. రెండు ఐదు లీటర్లయే అయినా ఒకటి బాగ తేలికుంటే అది పల్చటి రేకు. ఉత్త స్టీల్ వేడి సమంగ పాకనియ్యది, మంట తగిలిన కాడనే మాడుతది, గందుకే అడుగున అల్యూమినియం పొర పెట్టి సాండ్‌విచ్ చేస్తరు. ట్రైప్లై అంటే ఆ పొర పక్కలకు సుత ఉంటది, దానికి రేటు ఎక్కువ. అమ్మ ఒక్కతే ఉంటది కదా, ఐదు లీటర్లు ఎందుకు అక్కా, మూడు సరిపోతది, పండగలకు మీరంత పోయినప్పుడు పాత గిన్నెలు ఉన్నయి కద.

హాకిన్స్ మూత లోపలికి పోయి బిగుసుకుంటది, లోపల ఆవిరి ఉన్నంతసేపు రాదు, ముసలోళ్ళకు గది మంచిదని నా అభిప్రాయం, గని కొందరికి ఆ మూత తిప్పి పెట్టుడు అలవాటుగాదు. ప్రెస్టీజ్ పైమూతది సులువు. ఏదైనా ఆ ఊర్ల దాని రబ్బరు, వాల్వ్ దొరుకుతయా అని ఒక్క ఫోన్ చేసి అడిగి కొను. పేరు తెల్వని కంపెనీది కొంటే రబ్బరు కోసం సుత ఆన్‌లైన్ల వారం ఎదురు చూడాలె.

పెసరట్టు ఉప్మా

కుక్కర్ గురించి పైవాళ్ళు చెప్పేశారు కాబట్టి నేను పెనం గురించి చెప్తానండి, విశాఖ నుంచి. ఇనప పెనం తీసుకోండి, అనుమానం వద్దు. నాన్‌స్టిక్ పూత పెచ్చులు లేచిందంటే ఇక దాన్ని పక్కన పెట్టేయాలి. కొత్తదైనా ఖాళీ పెనం మంట మీద మర్చిపోకూడదు, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడైపోయి పొగలు వదలడం మొదలవుతుంది, మనం అట్టుకి ముందు పెనం కాల్చే పద్ధతికి అది అసలు సరిపడదు.

నేను పోత ఇనుముది ఆన్‌లైన్‌లోనే తెప్పించా. మొదటిది రెండు ముక్కలై వచ్చింది. చాలామందికి తెలియదు, పోత ఇనుము బరువుగా ఉంటుంది గానీ కింద పడితే గాజులా పగులుతుంది, వాళ్ళేమో పల్చటి అట్టపెట్టెలో ఒక్క పొర కాగితం చుట్టి పంపారు. పార్సిల్ విప్పేటప్పుడు మా అబ్బాయి వీడియో తీశాడు కాబట్టి మాట లేకుండా వేరేది పంపారు. మీ అమ్మగారు ఒక్కరే కదా, విప్పే ముందు పక్కింటి వాళ్ళని ఎవరినైనా పిలిచి వీడియో తీయించమనండి.

ఇక వాడటం. సీజన్ చేసి, అంటే నూనె పట్టించి కాల్చి, వచ్చిందని రాస్తారు, నిజమే గానీ అది చాలదు. రాగానే బియ్యం కడిగిన నీళ్ళలో ఒక రాత్రి ఉంచి, కడిగి, పొయ్యి మీద తడి పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నువ్వుల నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, అలా మూడు నాలుగుసార్లు. మొదటి పది రోజులు చపాతీలే కాల్చండి, అట్టు జోలికి వెళ్ళొద్దు. ఇక్కడే అందరూ తొందరపడి, మొదటి రోజే దోసె పోసి, అది అతుక్కుపోతే పెనం బాలేదని ఒక్క స్టార్ ఇచ్చేస్తారు. పదకొండో రోజు పిండి పోసే ముందు సగం ఉల్లిపాయని నూనెలో అద్ది పెనమంతా రుద్ది చూడండి, అట్టు అంచులు వాటంతటవే లేస్తాయి, అట్లకాడ ఊరికే కిందికి పోనిస్తే చాలు. ఆ తర్వాత రోజువారీ వాడకంలో సబ్బు వద్దు, నానబెట్టొద్దు, తుడిచి కాస్త నూనె రాసి పెట్టేయడమే. మా అత్తగారి పెనం నాకు వచ్చి ఇరవై రెండేళ్ళు, నల్లగా అద్దంలా ఉంటుంది, ఈ కొత్తది మా అమ్మాయి కాపురానికి పంపడానికి కొన్నా.

ఒక్కటి మాత్రం ఆలోచించండి, బరువు. పన్నెండు అంగుళాలది మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు ఎత్తలేరు. పదంగుళాలది, రెండు వైపులా చెవులున్నది తీసుకోండి.

డాలస్ గోంగూర

మిక్సీ గురించి నేను చెప్తా, చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి. తేవద్దని చెప్పండి మీ చెల్లికి. ఇండియాలో 230 వోల్టులు 50 హెర్ట్జ్, ఇక్కడ 120 వోల్టులు 60 హెర్ట్జ్, నేరుగా పెడితే ఈసురోమని తిరుగుతుంది, గట్టిగా పచ్చడి వేస్తే ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కదా అంటారు, 750 వాట్ల మిక్సీకి అంతకంటే బాగా ఎక్కువ వాట్లది కావాలి, అది ఇటుకరాయంత బరువు, కౌంటర్ మీద సగం చోటు దానికే. నేను రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చి చివరికి ఇక్కడే ప్రీతి కంపెనీ వాళ్ళ 110 వోల్టులది కొన్నా, ఇడ్లీ పిండి దగ్గర్నుంచి అన్నీ అందులోనే. రేటు అక్కడికంటే ఎక్కువే, ఐనా సూట్‌కేసులో ఆ నాలుగైదు కిలోలు మిగిలితే ఆవకాయ తెచ్చుకోవచ్చు.

తెనాలి అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. కరీంనగర్ తమ్ముడు చెప్పాక అమ్మని అడిగితే, మూడు లీటర్లే చాలమ్మా, ఐదు ఎత్తలేకపోతున్నా అని నేనెప్పటి నుంచో అనుకుంటున్నా అంది. నాకెప్పుడూ చెప్పలేదు ఆ మాట. కంపెనీ వాళ్ళే అమ్మే చోట చూసి మూడు లీటర్ల స్టీల్‌ది 2,340కి బుక్ చేశా, తెనాలిలో దాని రబ్బరు దొరుకుతుందని ముందే బోసు రోడ్డులో కొట్టుకి ఫోన్ చేసి కనుక్కున్నా. నిన్న వచ్చింది. వీడియో కాల్‌లో అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కుక్కర్ మీద నంబర్ ఒక్కో అంకె చదువుతుంటే నేను యాప్‌లో కొట్టా, కంపెనీ పేరు సరిగ్గానే వచ్చింది. రాజమండ్రి అక్కా, మీ వాల్వ్ సంగతి చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ 1,199ది అప్పటికే కార్ట్‌లో ఉంది.

పెనం మాత్రం పగిలి వస్తుందేమోనని భయమేసి ఆన్‌లైన్‌లో పెట్టలేదు, ఆదివారం నేనే ఊరెళ్ళి పదంగుళాలది పట్టుకుని చూసి కొంటా. కుక్కర్‌లో మొదటిసారి అన్నం కొంచెం అడుగంటిందంటుంది అమ్మ, స్టీల్‌కి మంట తగ్గించాలా, నీళ్ళు పెంచాలా? పాతదాంట్లో అయితే గ్లాసుకి రెండు గ్లాసులు పోసేది.